క్రాస్ పోయిందంటే ఏం పోయినట్టు?

పోయిన జూన్‌లో మృగశిర కార్తెకు ముందే మాకు రెండు మంచి వానలు పడ్డాయి. మాది జహీరాబాద్ దగ్గర ఊరు, ఎర్ర నేల. వాన పడ్డాక రెండు మూడు రోజుల్లో దున్నేసుకోవాలి, ఆ తర్వాత నేల గట్టిపడి మాట వినదు. ఆ రెండు మూడు రోజులే మాకు సంపాదన కూడా. ఎందుకంటే మా రోటవేటర్‌ని చుట్టుపక్కల వాళ్ళ చేలకు గంటకింత అని కిరాయికి తిప్పుతాం.

సరిగ్గా రెండో వాన మర్నాడు పొద్దున షాఫ్ట్‌లో "టక్ టక్" మొదలైంది. సంక్రాంతి నుంచి అది మూడోసారి. రెండుసార్లు కొత్త క్రాస్ వేయించాం, రెండూ నెలన్నర కూడా ఆగలేదు. బాపు చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుని, "అమ్మేస్తా దీన్ని" అన్నాడు. రోటవేటర్ మీద ఇంకా అప్పు ఉంది.

నేను సెలవులకు ఇంటికొచ్చి ఉన్నా. కంప్యూటర్ సైన్స్ కాబట్టి నాకు పానా పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నా. కానీ ఆ రోజు చూసింది, తర్వాత నోట్‌బుక్‌లో లెక్క కట్టింది మీతో చెప్పాలనిపించింది. మన క్లాసులో ట్రాక్టర్ ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కనీసం పది మంది ఉంటారు.

ముందు విషయం ఏంటో చెప్తా. ట్రాక్టర్ వెనకాల ఆరు గాడులున్న ఒక ఇరుసు బయటికి వస్తుంది, దాన్నే పీటీవో అంటారు. సుమారు 35 మిల్లీమీటర్ల లావు, నిమిషానికి 540 చుట్లు. ఆ తిరుగుడుని రోటవేటర్ గేర్‌బాక్స్‌కి తీసుకెళ్ళేది మధ్యలో ఉండే షాఫ్ట్. ట్రాక్టర్ ఇరుసు, రోటవేటర్ ఇరుసు ఒకే లైన్‌లో ఉండవు, పైగా లిఫ్ట్ ఎత్తి దించినప్పుడల్లా కోణం మారుతుంది. అందుకే షాఫ్ట్ రెండు చివర్లా వంగే కీళ్ళు ఉంటాయి. ఒక్కో కీలులో రెండు యోక్‌లు, వాటి మధ్య ప్లస్ గుర్తులాంటి ఇనుప ముక్క. దానికే మనోళ్ళు క్రాస్ అని పేరు పెట్టారు. క్రాస్ నాలుగు చేతులకీ నాలుగు కప్పులు, కప్పుల లోపల సూదుల్లాంటి సన్న రోలర్లు, వాటి మధ్య గ్రీజు.

ఈ ఐడియా చాలా పాతది. 16వ శతాబ్దపు ఇటలీ లెక్కల మాస్టారు కార్డానో పేరు మీద కార్డాన్ జాయింట్ అనీ, 17వ శతాబ్దపు రాబర్ట్ హుక్ పేరు మీద హుక్ జాయింట్ అనీ అంటారు. (అవును, స్ప్రింగ్ లెక్కల్లో మనల్ని ఏడిపించిన హుక్కే.) కార్లు ఇంకా చైన్లతో నడుస్తున్న రోజుల్లో క్లారెన్స్ స్పైసర్ అనే ఆయన కార్నెల్‌లో ఇంజనీరింగ్ చదువుతూ కారుకి ఈ కీలు పెట్టే పని మొదలుపెట్టి 1903లో పేటెంట్ తీసుకున్నాడు. స్టూడెంట్ ప్రాజెక్ట్ అంటే అది!

క్రాస్ అరిగిందో లేదో తెలుసుకోవడం సులువు. ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, రోటవేటర్‌ని నేల మీదికి దించాలి. కీలుకి అటు ఒక చేయి, ఇటు ఒక చేయి వేసి ఎదురెదురుగా మెలిపెట్టి చూడాలి. ఏ మాత్రం లూజు తగిలినా అరిగినట్టే. కప్పు అంచున తుప్పు రంగు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎప్పుడో అయిపోయి సూదులు ఎండు ఇనుము మీద తిరుగుతున్నాయని అర్థం. మాది విప్పితే క్రాస్ చేతుల మీద సూదులు నొక్కిన గాళ్ళు వరసగా పడి ఉన్నాయి, దువ్వెనతో గీసినట్టు.

చిన్నాయన, నేను షాఫ్ట్‌ని బైక్ మీద పెట్టుకుని జహీరాబాద్ పోయాం. ముందు రెండుసార్లు వేయించిన షెడ్డుకి కాకుండా ఈసారి ఒక ముసలి చాచా దగ్గరికి. ఆయన సుత్తి పట్టుకోలేదు. షాఫ్ట్‌ని సిమెంటు నేల మీద పడుకోబెట్టి, ఒక కన్ను మూసి, పొడుగూతా చూసి, "క్రాస్ తప్పు కాదు బేటా, చెవులు చూడు" అన్నాడు.

ఒక చివర యోక్ చెవులు నేలకి సమానంగా పడుకుని ఉన్నాయి. రెండో చివర చెవులు నిలబడి ఉన్నాయి. ఆయన చెప్పింది అంతే. ఎందుకు తప్పో రాత్రి నేను లెక్క వేసుకుంటే గానీ అర్థం కాలేదు.

ఈ కీలులో ఒక వింత గుణం ఉంది. వంగి తిరుగుతున్నప్పుడు ఇటు నుంచి ఒకే వేగంతో తిప్పినా, అటు వేగం ఒకేలా రాదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందంటే, వంగిన కోణం కొసైన్‌తో గుణించినంత. ఎంత పెరుగుతుందంటే, అదే కొసైన్‌తో భాగించినంత. 30 డిగ్రీలు వంగితే కొసైన్ 0.866. అంటే 540 అనుకున్నది 468 నుంచి 624 దాకా ఊగుతుంది, సెకనుకి 18 సార్లు.

రెండో కీలు ఉన్నది వంగడానికి మాత్రమే కాదు, ఈ ఊపుని రద్దు చేయడానికి కూడా. మొదటిది వేగం పెంచిన క్షణంలో రెండోది తగ్గిస్తుంది, అప్పుడు గేర్‌బాక్స్‌కి మళ్ళీ చక్కటి 540 అందుతుంది. దానికి రెండు షరతులు: రెండు కీళ్ళూ సమానంగా వంగాలి, మధ్య షాఫ్ట్ రెండు చివర్ల చెవులూ ఒకే లైన్‌లో ఉండాలి. చెవులు 90 డిగ్రీలు తప్పితే రెండోది రద్దు చేయకపోగా ఇంకోసారి గుణిస్తుంది. 0.866ని 0.866తో గుణిస్తే 0.75. గేర్‌బాక్స్ దగ్గర వేగం 405 నుంచి 720 మధ్య కొట్టుకుంటుంది. బరువైన బ్లేడ్ల రోటర్‌ని సెకనుకి 18 సార్లు గుంజి వదిలితే ఆ దెబ్బంతా పడేది క్రాస్ మీద. పనిలో మాకు 30 డిగ్రీల కోణం ఉండదనుకోండి, 20కే చూసినా 477 నుంచి 612. అదీ తక్కువేం కాదు.

మరి తప్పు ఎలా జరిగింది? మా పాత షాఫ్ట్‌లో చదరపు కడ్డీ చదరపు గొట్టంలోకి దూరుతుంది. నాలుగు రకాలుగా దూర్చొచ్చు, నాలుగూ హాయిగా లోపలికి పోతాయి. అందులో రెండు కరెక్టు, రెండు తప్పు. ఎర్రర్ మెసేజ్ లేదు, కంపైల్ అయిపోతుంది, చేలో క్రాష్ అవుతుంది. ముందు షెడ్డు అతన్ని తిట్టబుద్ధి కాలేదు, గుర్తు లేని చోట ఎవరైనా ఫిఫ్టీ ఫిఫ్టీయే. నిమ్మకాయ ఆకారపు గొట్టాలైతే ఈ పొరపాటు జరగదు, అవి రెండే రకాలుగా దూరుతాయి, రెండూ సరైనవే.

కొత్త క్రాస్ వేయడం చాచా చేతిలో అరగంట పని. పాత క్రాస్‌ని స్కేల్‌తో కాదు, వెర్నియర్‌తో కొలిచాడు: కప్పు వ్యాసం 27 మిల్లీమీటర్లు, ఒక కప్పు పైనుంచి ఎదురు కప్పు పైకి 74.6. ఇది తప్పితే కొట్టువాడు ఇచ్చే క్రాస్ దూరదు, దూరినా లాక్ పడదు. డీజిల్‌తో కడిగి, వైర్ బ్రష్ కొట్టి, నాలుగు లాకులూ తీశాడు. వైసులో ఒక వైపు కప్పు కంటే చిన్న గొట్టం ముక్క, ఇంకో వైపు కప్పు పట్టేంత పెద్ద గొట్టం ముక్క పెట్టి బిగిస్తే పాత కప్పు మెల్లగా బయటికొచ్చింది. సుత్తితో కొడితే చెవి వంగుతుందట. చెవి బొక్కలు కోలగా అరిగాయేమో కూడా చూశాడు. అరిగితే కొందరు రేకు ముక్క చుట్టి నడిపిస్తారు, అది నాలుగు రోజుల ముచ్చట. అప్పుడు యోక్ మార్చాల్సిందే.

కొత్త కప్పులు నొక్కేటప్పుడే జాగ్రత్త. ఒక్క సూది జారి కప్పు అడుగున అడ్డం పడినా కప్పు పూర్తిగా కూర్చోదు, లాక్ గాడిలో పడదు. మొదటి కప్పు నేను నొక్కా, సరిగ్గా అదే జరిగింది. "జోర్ మత్ లగావ్" అని తీసి, సూదులు గ్రీజుతో అతికించి మళ్ళీ పెట్టించాడు. అయ్యాక కీలు చేత్తో నాలుగు వైపులా పట్టేయకుండా తిరగాలి. గ్రీజు నిపుల్ గన్ అందే వైపు ఉండాలి, నాలుగు కప్పుల అంచుల నుంచీ గ్రీజు బయటికొచ్చే దాకా కొట్టాలి. ఎనిమిది గంటల పనికి ఒకసారి, అంటే రోజూ. మేము వారానికోసారి కొట్టేవాళ్ళం, ఆ పాపం మాదే.

చివరికి చెవులు ఒక లైన్‌కి తెచ్చి, రెండు ముక్కల మీదా ఎదురెదురుగా ఉలితో ఒక్కో పోటు పెట్టాడు. ఇంకెవరు విప్పినా ఆ పోట్లు కలిపితే చాలు. డబ్బు తీసుకుంటూ బాపుకి రెండు మాటలు చెప్పమన్నాడు: గట్టు దగ్గర తిప్పేటప్పుడు పీటీవో ఆపకుండా రోటవేటర్ పైకెత్తొద్దు, టాప్ లింక్ సరిచేసి గేర్‌బాక్స్‌ని ట్రాక్టర్ ఇరుసుకి సమాంతరంగా పెట్టుకోవాలి. రెండు కీళ్ళ కోణం సమానం అన్న షరతు ఇదే. చాచాకి కొసైన్ తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా రాలేదు.

మధ్యాహ్నానికి మళ్ళీ చేలో ఉన్నాం, రాత్రి పదకొండు దాకా దున్నాం. టక్ టక్ లేదు. ఆ క్రాస్ ఇప్పటికీ అదే.

ఒకటి మిగిలిపోయింది. షాఫ్ట్ మీద ఉండాల్సిన ప్లాస్టిక్ కవర్ మాది ఎప్పుడో పగిలిపోయింది. రెండేళ్ళ కింద చిన్నాయన వంగి చూస్తుంటే భుజం మీది తువ్వాల అందుకుని చుట్టేసుకుంది. మెడకి చుట్టుకోలేదు కాబట్టి ఈ రోజు ఆయన ఉన్నాడు. సెకనుకి తొమ్మిది చుట్లు, గొట్టం ఆరు సెంటీమీటర్ల లావు అనుకుంటే ఒక్క సెకనులో దాదాపు 170 సెంటీమీటర్ల బట్ట లాగేస్తుంది. తువ్వాల అంత పొడుగు కూడా ఉండదు. క్రాస్‌కి వెంటనే డబ్బు తీసిన మేము కవర్‌కి మాత్రం తీయలేదు, అది లేకపోయినా బండి నడుస్తుంది కదా. దసరాకి పోయినప్పుడు మళ్ళీ అడిగా. "చెరుకు పైసలు రానీ బిడ్డా" అన్నాడు బాపు. చిన్నాయన ఏమీ అనలేదు, భుజం మీది తువ్వాల తీసి సీటు కింద పెట్టి ట్రాక్టర్ దిగాడు.