రోస్టర్ లెక్క తెలిస్తేనే ఉద్యోగం తెలుస్తుంది

'ఇంకా చదువేనా, ఉద్యోగం ఎప్పుడురా?' అని పండక్కి ఊరెళ్లిన ప్రతిసారీ మా అమ్మ అడుగుతుంది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది నేనే మొదలు. 'రిజర్వేషన్ ఉందిగా, నీకేం' అని తోటి అగ్రకుల స్కాలర్లంటారు. ఇద్దరికీ జవాబు ఒక్కటే. రిజర్వేషన్ శాతంలో ఉంటుంది, ఉద్యోగం లెక్కలో ఉంటుంది. ఆ లెక్క పేరే రోస్టర్.

కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం. వందని 15తో భాగిస్తే 6.67. అంటే ఎస్సీ వంతు ఏడో పోస్టుకి గానీ రాదు. ఇదే లెక్కన ఓబీసీలకు నాలుగోది, ఎస్టీలకు పద్నాలుగోది. మరి ఒకటీ రెండూ అని ఎక్కడ్నించి లెక్కపెట్టాలి? గొడవంతా ఇక్కడే ఉంది.

విశ్వవిద్యాలయం మొత్తాన్ని యూనిట్‌గా తీసుకుంటే 200 పోస్టుల్లో ఎస్సీలకు 30, ఎస్టీలకు 15 వస్తాయి. ఒక్కో శాఖను యూనిట్ చేస్తే? ఆరుగురు అసిస్టెంట్ ప్రొఫెసర్లున్న శాఖలో ఎస్సీకి సున్నా. ఎవరో ఒకరు 65 ఏళ్లు నిండి రిటైరయ్యేదాకా ఏడో పాయింటు రాదు. ముగ్గురే ఉన్న శాఖలో నలుగురు ఖాళీ చేయాలి. శాతం ఎవరూ తగ్గించలేదు, ఉద్యోగం మాత్రం మాయమైంది!

ఇది ఊహ కాదు. 2006 నుంచి యూజీసీ సంస్థనే యూనిట్‌గా చూసింది. 2017లో అలహాబాద్ హైకోర్టు శాఖే యూనిట్ అంది. 2018 మార్చి 5న యూజీసీ ఆ ప్రకారమే ఉత్తర్వులిచ్చింది. హైకోర్టు తీర్పుమీద వేసిన పిటిషన్లను 2019 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. విద్యార్థులు, అధ్యాపకులు వీధుల్లోకొచ్చాకే 2019 మార్చి 7న ఆర్డినెన్సు, ఆ ఏడే చట్టం వచ్చాయి. సంస్థే మళ్లీ యూనిట్ అయింది. అయితే ఆ చట్టం కేంద్ర సంస్థలకే.

పాయింటు దక్కినా ఇంటర్వ్యూ ఉంది. నెట్, పీహెచ్‌డీ అన్నీ ఉన్నా 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని రాసేస్తారు. తగినవాడంటే ఎవరు? వాళ్లలాగా ఇంగ్లీషు మాట్లాడేవాడా? వాళ్లకు తెలిసినవాళ్ల అబ్బాయా?

ఈలోగా ఖాళీల్లో గెస్ట్ లెక్చరర్లని పెడతారు. 2019లో యూజీసీ ఒక్కో లెక్చరుకి 1500, నెలకు 50,000 మించకుండా ఇవ్వమంది. నేను చెప్పిన కాలేజీలో అందులో సగం కూడా ఇవ్వలేదు. సెలవులొస్తే అదీ లేదు. వద్దంటే 'అనుభవం లేదు' అంటారు. సరేనంటే ఖాళీ నిండినట్టు కనిపిస్తుంది, నోటిఫికేషన్ వాయిదా పడుతుంది. అంటే నా ఆకలితోనే నా పోస్టుని ఆపుతున్నారు. 45 రోజులు, అంతకు మించి సాగే తాత్కాలిక నియామకాల్లోనూ రిజర్వేషన్ ఉండాలని కేంద్రం 2022లో మళ్లీ చెప్పింది. గంటల లెక్కన పిలిచినచోట ఆ మాట ఎత్తినవాణ్ణి నేను చూడలేదు.

కాబట్టి మిత్రులారా, 'ఎన్ని శాతం' అని అడిగి ఊరుకోవద్దు. యూనిట్ ఏది? రోస్టర్ రిజిస్టర్ ఏది? దొరకలేదని రాసిన పోస్టులెన్ని? గెస్టులతో నడుపుతున్నవెన్ని? 2005 సమాచార హక్కు చట్టం కింద ఈ నాలుగూ రాతపూర్వకంగా అడుగుదాం. లెక్క వాళ్ల చేతిలో ఉన్నన్నాళ్లూ శాతం మనకి కాగితమే.