సీడీ పెట్టగానే కంప్యూటర్‌లో వేరే పేరు.. వంద ఆల్బమ్‌ల పియానో రాణి కథలో అసలు ట్విస్ట్ ఇదీ!

మీ ఇంట్లో పొద్దున్నే సుప్రభాతం పెడతారా? అయితే అది ఎవరిది? పెద్దగా ఆలోచించక్కర్లేదు, చాలామంది చెప్పే సమాధానం ఒక్కటే.. ఎమ్మెస్ సుబ్బులక్ష్మిది. భగవద్గీత అనగానే ఘంటసాల. అవే శ్లోకాలు వేరేవాళ్లు ఎంత బాగా పాడినా, "అది కాదు, ఘంటసాలది పెట్టు" అనే తాతయ్య ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అంటే మనం ఒకరికొకరు చెప్పుకునేది పాట గురించి మాత్రమే కాదు, ఒక రికార్డింగ్ గురించి. ఎవరు పాడారు, ఎప్పుడు పాడారు అనేది అందులో సగం విషయం.

వెస్ట్రన్ క్లాసికల్, ఒపేరా అభిమానుల్లో ఈ పిచ్చి ఇంకో లెవెల్లో ఉంటుంది. బీథోవెన్ ఐదో సింఫనీ విన్నానని చెబితే, వెంటనే "ఎవరిది? ఏ ఏడాదిది?" అని అడుగుతారు. దీనికోసం 1923 నుంచి బ్రిటన్‌లో 'గ్రామఫోన్' అనే పత్రిక నడుస్తోంది. బీబీసీ రేడియోలో ఒకే రచనకు వచ్చిన రికార్డింగులన్నీ పక్కపక్కన పెట్టి, చివరికి ఒకదాన్ని సిఫారసు చేసే కార్యక్రమం కూడా ఉంది. దాని పేరు 'బిల్డింగ్ ఎ లైబ్రరీ'.

సరిగ్గా ఇలాంటి సిఫారసుల నమ్మకం మీదే 2007లో ఓ పెద్ద దెబ్బ పడింది. ఆ కథలోకి వెళ్లేముందు ఒక చిన్న ప్రశ్న తేల్చుకోవాలి.

నోట్స్ ఒకటే కదా.. తేడా ఎక్కడ?

కాగితం మీద రాసిన స్వరాలు అందరికీ అవే. కానీ ఎంత వేగంగా వాయించాలి, ఎక్కడ ఆగాలి, ఏ స్వరాన్ని గట్టిగా పట్టుకోవాలి అనేది వాయించేవాళ్ల చేతుల్లో ఉంటుంది. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ కెనడా పియానిస్ట్ గ్లెన్ గూల్డ్. 1955లో, 22 ఏళ్ల వయసులో బాఖ్ రాసిన 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్' రికార్డ్ చేశాడు. మొత్తం 38 నిమిషాల చిల్లర. మళ్లీ 1981లో అదే న్యూయార్క్ స్టూడియోలో, అదే రచన రికార్డ్ చేస్తే 51 నిమిషాలు వచ్చింది. కొన్ని భాగాలను రెండోసారి తిప్పి వాయించడం కొంత కారణం. అసలు కారణం మాత్రం మనిషే మారిపోవడం. మొదటిది వింటే పరుగెత్తే కుర్రాడు కనిపిస్తాడు. రెండోది వింటే ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగే మనిషి కనిపిస్తాడు. ఆ తర్వాతి ఏడాది, 50 ఏళ్లకే గూల్డ్ చనిపోయాడు. రెండింటిలోనూ వాయిస్తూ వాయిస్తూ అతను చేసే కూనిరాగం లీలగా వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నైట్ షిఫ్ట్‌లో మొదటిసారి విన్నప్పుడు వెనక ఎవరో ఉన్నారేమో అని తిరిగి చూశాను!

ఒపేరాలో అయితే మరియా కాలస్ పేరు చెప్పాల్సిందే. పుచ్చీని ఒపేరా 'టోస్కా'ను ఆమె రెండుసార్లు స్టూడియోలో పాడారు. మొదటిది 1953లో, మిలాన్‌లోని లా స్కాలా బృందంతో. కండక్టర్ విక్టర్ డి సబాటా. రెండోది 1964-65లో పారిస్‌లో. రెండోది స్టీరియో, సౌండ్ మెరుగ్గా ఉంటుంది. మొదటిది పాత మోనో. అయినా 'టోస్కా' ఏది వినాలి అంటే డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఎక్కువమంది 1953 వైపే వేలు చూపిస్తారు. ఎందుకంటే అప్పుడు ఆమె గొంతు మంచి పట్టులో ఉంది. విలన్ స్కార్పియాగా టిటో గోబ్బి పాడిన తీరుకు భయం వేస్తుంది. సౌండ్ క్వాలిటీ ఒక్కటే చూసుకుంటే ఇదంతా మిస్ అయిపోతాం.

సో.. పేరు, ఏడాది, ఎవరితో అనేవి ఇక్కడ అలంకారం కాదు. అవే అసలు సమాచారం. మరి ఆ పేరే అబద్ధమైతే?

ఎవరీ జాయిస్ హాటో?

జాయిస్ హాటో బ్రిటిష్ పియానిస్ట్. 1928లో లండన్‌లో పుట్టారు. కచేరీలు చేసేవారు, కానీ పెద్ద స్టార్ కాదు. 1970ల్లోనే స్టేజీకి దూరమయ్యారు. క్యాన్సర్‌తో పోరాడుతున్నారని ఆమె భర్త విలియం బారింగ్టన్-కూప్ చెప్పేవారు. ఆయనకు 'కాన్సర్ట్ ఆర్టిస్ట్' అనే చిన్న రికార్డ్ కంపెనీ ఉండేది. (ఇదే ఆయన 1966లో పన్ను ఎగవేత కేసులో జైలుకెళ్లి వచ్చారు. కానీ తర్వాతి కాలంలో ఆ సంగతి పెద్దగా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.)

తర్వాత ఆ కంపెనీ నుంచి హాటో పేరుతో సీడీల వరద మొదలైంది. షోపాన్, ఫ్రాంజ్ లిస్ట్, రహ్మానినోవ్, మోజార్ట్.. మొత్తం వందకు పైగా సీడీలు. పియానోలో అతి కష్టమైనవని పేరున్న రచనలు కూడా అందులో ఉన్నాయి. డెబ్బై దాటిన మనిషి, అనారోగ్యంతో ఉండి, జనం ముందుకు రాకుండా ఇదంతా వాయించిందా? నమ్మశక్యం కాని కథ. అందుకే జనానికి అంతగా నచ్చింది కూడా.

ఇంటర్నెట్‌లో పియానో అభిమానులు ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. "ఈవిడ పేరు విన్నారా? ఒక్కసారి వినండి" అంటూ ప్రచారం జరిగింది. ఆ తర్వాత పత్రికలు అందుకున్నాయి. పెద్ద పెద్ద విమర్శకులు ఆకాశానికెత్తారు. 2006 జూన్‌లో, 77 ఏళ్ల వయసులో ఆమె చనిపోయినప్పుడు ఓ మహా కళాకారిణి పోయిందని నివాళులు వచ్చాయి. అనుమానం వ్యక్తం చేసినవాళ్లూ లేకపోలేదు. కానీ చేతిలో ఆధారం లేదు.

సీడీ పెట్టగానే ఏమైంది?

2007 మొదట్లో అమెరికాలో ఓ సంగీత అభిమాని హాటో సీడీ ఒకటి కంప్యూటర్‌లో పెట్టారు. అది లిస్ట్ రాసిన 'ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్స్'. ఐట్యూన్స్ తెర మీద మాత్రం హాటో పేరు రాలేదు. లాస్లో సిమోన్ అనే పియానిస్ట్ పేరు వచ్చింది!

ఇది ఎలా సాధ్యం అంటే.. మామూలు మ్యూజిక్ సీడీలో చాలాసార్లు కళాకారుల పేర్లు ఉండవు. ఎన్ని ట్రాక్‌లు, ఒక్కోటి ఎంత నిడివి అనే లెక్కలే ఉంటాయి. కంప్యూటర్ ఆ లెక్కలను గ్రేస్‌నోట్ అనే డేటాబేస్‌కు పంపితే, అలాంటి కొలతలున్న సీడీ పేరు తిరిగొస్తుంది. ఎత్తు, బరువు చూసి మనిషిని గుర్తుపట్టడం లాంటిది. అప్పుడప్పుడు పొరపాటు జరుగుతుంది. అందుకే ఆ అభిమాని విషయాన్ని జెడ్ డిస్ట్లర్ అనే విమర్శకుడికి చెప్పారు. ఆయన సిమోన్ సీడీ తెచ్చుకుని రెండూ పక్కపక్కన విన్నారు. ఎక్కువ ట్రాక్‌లు అచ్చు గుద్దినట్టు ఒకటే. తర్వాత హాటో పేరుతో ఉన్న రహ్మానినోవ్ కాన్సర్టోల సీడీ పెట్టి చూస్తే, ఈసారి యెఫిమ్ బ్రాన్ఫ్‌మన్ పేరు వచ్చింది.

గ్రామఫోన్ పత్రిక ఈ విషయాన్ని ఆండ్రూ రోజ్ అనే ఆడియో నిపుణుడికి అప్పగించింది. ఆయన రెండు రికార్డింగుల శబ్ద తరంగాలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. సరిగ్గా కూర్చున్నాయి. ఇద్దరు మనుషులు, అదీ పియానో మీద, సెకనులో వెయ్యో వంతు తేడా లేకుండా ఒకేలా వాయించడం జరిగే పని కాదు. ఒకే మనిషి రెండుసార్లు వాయించినా అలా రాదు! ఇంకొన్ని ట్రాక్‌లలో దొరక్కుండా ఉండటానికి వేగం మార్చారు. ఒక ట్రాక్‌ను ఏకంగా 15 శాతం దాకా నెమ్మది చేశారు. 2007 ఫిబ్రవరి 15న గ్రామఫోన్ ఈ కథనాన్ని బయటపెట్టింది.

అదే టైమ్‌లో, దీనితో సంబంధం లేకుండా, లండన్ యూనివర్సిటీకి చెందిన రాయల్ హాలోవేలో పరిశోధకులు షోపాన్ 'మజుర్కా'లను ఎవరెవరు ఎలా వాయించారో కంప్యూటర్‌తో పోలుస్తున్నారు. వాళ్ల లెక్కల్లో హాటో, యూజీన్ ఇంజిక్ అనే మరో పియానిస్ట్ పక్కాగా ఒకటే అని తేలింది. ఇక దాచడానికేం మిగల్లేదు. సీడీల మీద కండక్టర్‌గా వేసిన 'రెనే కోలర్' అనే మనిషి ఉన్నట్టు కూడా ఆధారాలు దొరకలేదు.

భర్త ఏం చెప్పారు?

మొదట కాదన్నారు. ఫిబ్రవరి చివర్లో మాత్రం, సిమోన్ సీడీ విడుదల చేసిన స్వీడన్ కంపెనీ బిస్ అధినేత రాబర్ట్ వాన్ బార్‌కు లేఖ రాసి ఒప్పుకున్నారు. రికార్డింగ్ సమయంలో భార్య నొప్పితో మూలిగేదని, ఆ చోట్ల అతుకు వేయడానికి ఆమె శైలికి దగ్గరగా ఉన్న ఇతరుల రికార్డింగుల నుంచి చిన్న ముక్కలు తీసుకున్నానని, ఆ ముక్కలు పోనుపోనూ పెద్దవయ్యాయని ఆయన వాదన. భార్యకు ఏమీ తెలియదన్నారు. ఇందులో ఎంత నిజమో చెప్పగలిగిన మనిషి అప్పటికే లేరు.

ఆ లేఖలో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. ఈ ఆలోచన తనకు ఓ ఒపేరా రికార్డింగ్ నుంచి వచ్చిందన్నారు. 1952లో లండన్‌లోని కింగ్స్‌వే హాల్‌లో వాగ్నర్ 'ట్రిస్టన్ ఉండ్ ఇజోల్డే' రికార్డ్ చేశారు. కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్. ఇజోల్డేగా పాడింది కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్. అప్పటికి ఆమెకు 56 ఏళ్లు. రెండో అంకంలో వచ్చే తారస్థాయి స్వరాలు అందడం కష్టమైంది. దాంతో ఆ స్వరాలను మాత్రం ఎలిజబెత్ ష్వార్జ్‌కోఫ్ అనే మరో గాయని పాడారు. ఈ సంగతి తర్వాత బయటకు పొక్కింది. ఫ్లాగ్‌స్టాడ్ బాధపడ్డారు. అయినా ఆ రికార్డింగ్‌ను ఇప్పటికీ గొప్పవాటిలో ఒకటిగా సిఫారసు చేస్తూనే ఉన్నారు.

మరి అది ఒప్పు, ఇది తప్పు ఎలా అయింది? నాకైతే తేడా స్పష్టంగానే కనిపిస్తోంది. నాలుగు గంటల ఒపేరాలో ఒకటి రెండు స్వరాలు, అదీ పాడినావిడకు తెలిసే. ఇక్కడ ఆల్బమ్‌కి ఆల్బమ్ ఎత్తేసి, వాయించినవాళ్ల పేరు తుడిచేశారు.

అసలు నష్టపోయింది ఎవరు?

విమర్శకులు నవ్వులపాలయ్యారని అప్పట్లో అందరూ రాశారు. నిజమే, బ్రాన్ఫ్‌మన్ పేరుతో వచ్చినప్పుడు అంతంతమాత్రమే అన్న రికార్డింగ్‌ను, హాటో పేరుతో వచ్చాక మెచ్చుకున్న విమర్శకుడు కూడా ఉన్నారు. అయితే ఇంకోవైపు చూడండి. వాళ్లు మెచ్చుకున్న వాయిద్యం నిజంగానే బాగుంది. చెవి మోసపోలేదు, పేరు దగ్గరే మోసపోయింది. లాస్లో సిమోన్ సీడీ ఎన్నో ఏళ్లుగా మార్కెట్లో ఉంది. సిమోన్, ఇంజిక్ వంటి వాళ్లు చేసిన కష్టానికి రావాల్సిన పొగడ్త, క్యాన్సర్‌తో పోరాడే పెద్దావిడ కథ తోడయ్యాకే వచ్చింది. అదీ వేరేవాళ్ల ఖాతాలో పడింది. బిస్ కంపెనీ కోర్టుకు వెళ్లలేదు. బారింగ్టన్-కూప్ మీద క్రిమినల్ కేసు కూడా నడవలేదు.

ఫోన్‌లో వినాలంటే ఎలా వెతకాలి?

సినిమా పాటలా ఒక్క టైటిల్ కొడితే పని జరగదు. రచయిత పేరు, రచన పేరు, పాడిన లేదా వాయించిన వాళ్ల పేరు.. ఈ మూడూ కలిపి కొట్టండి. ఒపేరాకైతే కండక్టర్ పేరు కూడా. ఏడాది దగ్గర జాగ్రత్త. పాత రికార్డింగ్‌ను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసినప్పుడు యాప్‌లో కొత్త ఏడాదే కనిపిస్తుంది. అందుకే కాలస్ 'టోస్కా' వెతికితే ఏడాది కంటే 'డి సబాటా' పేరు చూసుకోవడం సేఫ్. 2023లో వచ్చిన ఆపిల్ మ్యూజిక్ క్లాసికల్ యాప్ ఇలా వెతకడం కోసమే తయారైంది. యూట్యూబ్‌లో అయితే వీడియో కింద డిస్క్రిప్షన్ ఓపెన్ చేసి చూడండి. పేర్లేమీ లేకుండా 'బెస్ట్ ఆఫ్ షోపాన్, 3 గంటలు' అని ఉన్న వీడియోలు పడుకునేముందు వినడానికి ఓకే కానీ, వాటిని వాయించింది ఎవరో మీకు ఎప్పటికీ తెలియదు.

ఒపేరా ఇంతవరకు విననివాళ్లు అడిగితే నేను మొదట పంపేది పుచ్చీని 'తురందోత్'లో పవరోట్టి పాడిన 'నెస్సున్ డోర్మా'. 1972 రికార్డింగ్, కండక్టర్ మన ముంబైలో పుట్టిన జూబిన్ మెహతా. 1990 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు బీబీసీ టైటిల్ మ్యూజిక్‌గా వాడింది దీన్నే. మూడు నిమిషాలే కాబట్టి బస్సు వచ్చేలోపు అయిపోతుంది. అది నచ్చితే 1953 'టోస్కా' రెండో అంకం. పియానో కావాలంటే గూల్డ్ రెండు వెర్షన్లూ, వరుసగా.

లిస్ట్ 'ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్స్' కావాలా? లాస్లో సిమోన్, బిస్ రికార్డ్స్. పేరు సరిగ్గా కొట్టండి.