పొయ్యి వెలిగించని పలహారం: 40 గ్రాములు, 120 మిల్లీలీటర్లు, 8 గంటలు

పెరుగులో నానేసిన అటుకులు తిన్నవాళ్లకు ఉడికించని ఓట్స్ కొత్తేమీ కాదు. వడ్లు నానబెట్టి, వేయించి, దంచితే అటుకులు. ఓట్స్ గింజను ఆవిరి పట్టించి రోలర్ల మధ్య నలిపితే రోల్డ్ ఓట్స్. రేకు మందం దాదాపు అర మిల్లీమీటరు. అంటే ప్యాకెట్లో ఉన్నది పచ్చి గింజ కాదు, ఒకసారి వేడి తగిలినదే. రాత్రి మనం చేయాల్సిందల్లా దానికి తడి అందించడం.

ఎంత తడి? తూకంలో ఒకటికి మూడు. ఒకరికి 40 గ్రాములు, అంటే 240 మిల్లీలీటర్ల కప్పుతో అర కప్పు ఓట్స్. దానికి అర కప్పు, 120 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన పాలు. 2 పెద్ద చెంచాల పెరుగు, చిటికెడు ఉప్పు. ఉప్పు మానేయకండి, అది లేకపోతే ఓట్స్ చప్పగా, పిండి రుచిగా ఉంటాయి. చియా గింజలు ఒక చిన్న చెంచా వేస్తే మరో 30 మిల్లీలీటర్ల పాలు కలపాలి. అవి తమ బరువుకు సుమారు 10 రెట్లు నీళ్లు తాగేస్తాయి. సీసాలో పోసి మూత పెట్టి ఫ్రిజ్‌లో 8 గంటలు ఉంచితే చాలు. ఇన్‌స్టంట్ ఓట్స్ అయితే ఉదయానికి జావలా జారిపోతాయి. గింజను నలపకుండా తరిగి చేసే స్టీల్ కట్ ముక్కలు అప్పటికీ పంటికింద గట్టిగా తగులుతాయి.

ఈ పద్ధతికి వందేళ్లు దాటాయి. 1900 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో డాక్టర్ మాక్సిమిలియన్ బిర్షర్-బెన్నర్ తన రోగులకు ఇచ్చిన మ్యూస్లీ ఇలాంటిదే. ఒక చెంచా ఓట్స్‌ను 3 చెంచాల నీళ్లలో 12 గంటలు నానబెట్టి, తురిమిన ఆపిల్ కలిపేవారు. ఆ గిన్నెలో ఆపిలే ఎక్కువ.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది వేడి దగ్గర. చద్దన్నం గట్టు మీద పెట్టి పడుకునే అలవాటు మనది, కానీ పాలు కలిపిన సీసాకు అది పనికిరాదు. అనువైన వెచ్చదనంలో కొన్ని బ్యాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. 8 గంటల్లో 24 రెట్టింపులు. ఒకటి కాస్తా 1 కోటి 67 లక్షలు దాటుతుంది. మే నెలలో మన వంటిళ్లు ఎలా కాగుతాయో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి సీసా 4 డిగ్రీల చలిలోనే ఉండాలి. ఫ్రిజ్ తలుపు అరలో కాదు, లోపలి అరలో. ఆదివారం రాత్రి 3 సీసాలు కలిపితే బుధవారం ఉదయం దాకా వస్తాయి. అంతకు మించి దాచకండి.

బలం సంగతి. 40 గ్రాముల ఓట్స్‌లో సుమారు 150 కేలరీలు, 5 గ్రాముల ప్రోటీన్, 4 గ్రాముల పీచు. పాలు, పెరుగు, చియా, 10 బాదం పప్పులు, అర అరటిపండు కలిస్తే గిన్నె మొత్తం 400 కేలరీల దగ్గర, ప్రోటీన్ 15 గ్రాముల దగ్గర ఆగుతుంది. మధ్యాహ్నం దాకా నిలబెట్టే పలహారమే. కొలెస్ట్రాల్ విషయంలో మాత్రం ఆశ అదుపులో ఉండాలి. 1997లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఇందుకు పేర్కొన్న మోతాదు రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్, అంటే ఓట్స్‌లోని కరిగే పీచు. మన గిన్నెలో ఉండేది అందులో సగం. తేనె, బెల్లం వేస్తే అవీ చక్కెర లెక్కలోకే వస్తాయి. 2 ఖర్జూరాలు తరిగి రాత్రే వేస్తే వేరే తీపి అడగదు.

తాజా పండ్లు మాత్రం ఉదయమే. అనాస, కివీలలోని ఎంజైములు పాల ప్రోటీన్‌ను విరగ్గొట్టి చేదెక్కిస్తాయి, అరటిపండు నల్లబడుతుంది. మూత తీయగానే పైన పాలు కనబడవు, రేకులు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చెంచా గుచ్చితే నిలబడిందంటే 2 చెంచాల పాలు పోసి అడుగు నుంచి కలపండి. చల్లగా గొంతు దిగదనే పెద్దవాళ్లకు, తినే ముందు 20 నిమిషాలు బయట పెడితే సరిపోతుంది.