ఏ ఏఐ మేలు? ర్యాంకులు కాదు.. మీ ప్రశ్నతోనే తేల్చుకోండి!

రేషన్‌ కార్డులో పేరు చేర్పించాలన్నా, సమాచార హక్కు దరఖాస్తు రాయాలన్నా ఇప్పుడు చాలామంది ముందుగా ఫోన్‌లో ఏఐనే అడుగుతున్నారు. చాట్‌జీపీటీ, జెమిని, క్లాడ్‌.. ఇలా యాప్‌లు చాలానే ఉన్నాయి. మరి మీ పనికి ఏది సరిపోతుంది? పనితీరు, వేగం, ఖర్చు.. ఈ మూడింటినీ ఎలా పోల్చుకోవాలో చూద్దాం.

పనితీరు ఎలా తెలుస్తుంది?

ఏఐలకూ పరీక్షలుంటాయి. వాటిలో పేరున్నది ఎంఎంఎల్‌యూ. ఇందులో 57 సబ్జెక్టుల నుంచి బిట్‌ ప్రశ్నలు ఇస్తారు. అయితే ఆ ప్రశ్నలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. కాబట్టి అందులో మంచి మార్కులు వచ్చినంత మాత్రాన తెలుగులో అర్జీ చక్కగా రాస్తుందని చెప్పలేం.

అందుకే జవాబు కచ్చితంగా తెలిసిన ప్రశ్ననే రెండు మూడు యాప్‌లలో తెలుగులో అడగండి. ఉదాహరణకు, సమాచార హక్కు చట్టం కింద అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోవాలి. రెండో అప్పీలుకు గడువు 90 రోజులు. ఏఐ ఈ రెండు గడువులను తారుమారు చేసి చెప్పిందనుకోండి.. దాన్ని నమ్మి ఆగితే మీ మొదటి అప్పీలు గడువు దాటిపోతుంది.

వేగం ఎప్పుడు ముఖ్యం?

మొదటి మాట ఎంతసేపటికి వచ్చింది, తర్వాత జవాబు ఎంత త్వరగా పూర్తయింది.. ఈ రెండూ చూడాలి. 'ఆలోచించి' చెప్పే మోడళ్లు కాస్త ఆలస్యం చేస్తాయి. లేఖను అనువదించడానికి వేగంగా పనిచేసే చిన్న మోడల్‌ చాలు. అర్హతలు, గడువుల విషయంలో మాత్రం అర నిమిషం ఆగినా నష్టం లేదు.

తెలుగుకు ఖర్చు ఎక్కువా?

ఏఐ మన వాక్యాన్ని 'టోకెన్లు' అనే ముక్కలుగా చేసుకుని చదువుతుంది. ఏఐతో సేవలు నడిపే సంస్థలు ఈ టోకెన్ల లెక్కనే డబ్బు కడతాయి. ఓపెన్‌ఏఐ 2024 మేలో జీపీటీ-4ఓ తెచ్చినప్పుడు ఒకే వాక్యాన్ని వివిధ భాషల్లో పోల్చి చూపింది. పాత పద్ధతిలో దానికి ఇంగ్లిష్‌లో 27 టోకెన్లు పడితే, తెలుగులో 159 పట్టేవి. కొత్త పద్ధతిలో అవి 24, 45కు తగ్గాయి. తేడా బాగా తగ్గినా తెలుగుకు ఇంకా దాదాపు రెట్టింపు పడుతోంది. టోకెన్లు పెరిగితే జవాబు పూర్తయ్యే సమయమూ పెరుగుతుంది.

మోడల్‌ను బట్టి కూడా ధర మారుతుంది. జీపీటీ-4ఓ వచ్చినప్పుడు పది లక్షల ఇన్‌పుట్‌ టోకెన్లకు 5 డాలర్లు. అదే ఏడాది జులైలో వచ్చిన చిన్న మోడల్‌ జీపీటీ-4ఓ మినీకి 15 సెంట్లే! అంటే తేలికైన పనికి పెద్ద మోడల్‌ వాడటం దండగే. మీకు మాత్రం సాధారణ అవసరాలకు ఉచిత వెర్షన్లే సరిపోవచ్చు.

ఇవి మరిచిపోవద్దు

* గడువు, ఫీజు, అర్హత.. ఏ ఏఐ చెప్పినా అధికారిక వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.
* ఆధార్‌, బ్యాంకు ఖాతా నంబర్లు, ఓటీపీలు చాట్‌లో టైప్‌ చేయొద్దు.
* ఏఐతో చిత్తుప్రతి రాయించుకోండి. దరఖాస్తు మాత్రం మీసేవ, ఏపీలో 'మన మిత్ర' వాట్సాప్‌ వంటి అధికారిక మార్గాల్లోనే ఇవ్వండి.