పేద నేల మీద పొదుపు బతుకులు

చెట్టు కొమ్మను అంటిపెట్టుకుని, వీలైనంత తక్కువగా కదులుతూ బతికేది ఒకటి. పచ్చిక జాడ వెతుక్కుంటూ మైదానాల వెంట గెంతుతూ బతికేది మరొకటి. ఆస్ట్రేలియాకు ప్రతీకలైన కోలా, కంగారూలు కొరతల మధ్య నిలదొక్కుకున్న తీరునూ, మనిషి రాకతో వాటి గతులు వేర్వేరు దారులు పట్టిన వైనాన్నీ వివరించే కథనమిది.

ఒంటరిగా మిగిలిన ఖండం

మనుషులు స్థిరపడిన ఖండాలన్నింటిలోకీ పొడిది ఆస్ట్రేలియా. దాని నేలలు అత్యంత పురాతనమైనవి. కోట్ల ఏళ్లుగా అక్కడ పెద్ద పర్వతాలు కొత్తగా లేవకపోవడం, హిమానీనదాలు రాళ్లను నూరి కొత్త మట్టిని విస్తారంగా పరవకపోవడం వల్ల, మట్టిలోని భాస్వరం, నత్రజని వంటి పోషకాలు క్రమంగా తరిగిపోయి, చాలా ప్రాంతాల్లో నేల నిస్సారంగా మిగిలింది. వానలూ నమ్మదగినవి కావు. పసిఫిక్ మహాసముద్రపు ఉపరితల జలాలు మామూలు కంటే వేడెక్కే ఎల్‌నినో ప్రభావంతో ఖండపు తూర్పు భాగంలో ఏళ్ల తరబడి కరవు నెలకొనడం, ఆ తర్వాత ఒక్కసారిగా వరదలు ముంచెత్తడం తరచూ జరిగేదే. ఇలాంటి చోట మనుగడ సాగించే జీవికి ఆహారం సంపాదించుకోవడం ఎంత ముఖ్యమో, సంపాదించిన శక్తిని వృథా చేయకపోవడమూ అంతే ముఖ్యం.

ఒకప్పుడు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, భారత భూభాగం, అంటార్కిటికా, ఆస్ట్రేలియా కలిసి గోండ్వానా అనే మహాఖండంగా ఉండేవి. అది ముక్కలవుతున్న కాలంలో, అప్పటికింకా అడవులతో నిండి ఉన్న అంటార్కిటికా మీదుగా, దక్షిణ అమెరికా వైపు నుంచి మార్సూపియల్ జంతువుల పూర్వీకులు ఆస్ట్రేలియాకు చేరాయి. సుమారు 3.5 నుంచి 4.5 కోట్ల ఏళ్ల కిందట ఆస్ట్రేలియా అంటార్కిటికా నుంచి పూర్తిగా విడిపోయి ఉత్తరానికి జరగడంతో, ఆ జంతువులు ఏకాంతంగా, తమదైన పద్ధతిలో పరిణామం చెందాయి. మార్సూపియల్స్ అంటే, గర్భంలో బిడ్డను ఎక్కువ కాలం మోయకుండా, అవయవాలు పూర్తిగా ఏర్పడని దశలోనే కని, ఆ తర్వాతి ఎదుగుదలను పాల ద్వారా, ఎక్కువ జాతుల్లో పొట్ట మీది చర్మపు సంచిలో పూర్తి చేసే క్షీరదాలు. కోలా, కంగారూలు రెండూ ఈ వర్గానివే.

విషాన్ని అరిగించుకునే కోలా

రూపాన్ని బట్టి చాలామంది ఎలుగుబంటిగా భావించే కోలాకు ఎలుగుబంటితో ఏ సంబంధమూ లేదు. నేలలో బొరియలు తవ్వుకుని బతికే వాంబాట్ దానికి అత్యంత సమీప బంధువు. క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రాల్లోనూ, రాజధాని కాన్‌బెర్రా పరిసరాల్లోనూ ఉన్న యూకలిప్టస్ అడవులే దాని నివాసం. తెలుగు రాష్ట్రాల్లో జామాయిల్ తోటలుగా పెంచుతున్నది ఈ చెట్టునే. ఆ తోటల్లో మేకలు సైతం ఆకు ముట్టవని రైతులకు తెలుసు. టానిన్లు, ఘాటైన తైలాలు, మరికొన్ని చేదు రసాయనాలతో చెట్టు తన ఆకును కాపాడుకుంటుంది. పైగా ఆ ఆకులో పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. చాలా జంతువులు వదిలేసిన ఈ ఆహారాన్నే కోలా తన సొంతం చేసుకుంది.

ఇందుకు దాని శరీరం కొన్ని ఏర్పాట్లు చేసుకుంది. శరీరంలో చేరిన విషపదార్థాలను విడగొట్టే కాలేయపు ఎంజైములకు సంబంధించిన జన్యువులు కోలాలో అసాధారణమైన సంఖ్యలో ఉన్నాయని 2018లో వెలువడిన దాని జన్యుపటం తేల్చింది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉండే సంచివంటి భాగమైన అంధనాళం కోలాలో దాదాపు రెండు మీటర్ల పొడవుంటుంది. నమిలిన ఆకు అక్కడ చాలాసేపు నిలిచి, సూక్ష్మజీవుల చేత కిణ్వనం చెంది, అంటే పులిసి, పోషకాలను విడిచిపెడుతుంది. పుట్టుకతో పిల్లకు ఈ సూక్ష్మజీవులు ఉండవు కనుక, సుమారు ఆరు నెలల వయసులో అది తల్లి అంధనాళం నుంచి వెలువడే మెత్తని పదార్థాన్ని తిని వాటిని సంపాదించుకుంటుంది. తల్లి నుంచి ఈ వారసత్వం అందకపోతే ఆకును అరిగించుకోవడం పిల్లకు సాధ్యం కాదు.

ఇంత చేసినా ఆ ఆకు నుంచి దక్కే శక్తి స్వల్పమే. అందుకే కోలా రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రలోనో విశ్రాంతిలోనో గడుపుతుంది. సోమరితనంగా కనిపించే ఈ స్థితి నిజానికి ఆదాయానికి తగ్గట్టు ఖర్చును కుదించుకోవడమే. మండు వేసవిలో కోలాలు కొమ్మలు వదిలి కింది మానులను వాటేసుకుంటాయి. గాలి కంటే మాను చల్లగా ఉంటుందనీ, తాము ఆకు తినని తుమ్మ జాతి చెట్లను సైతం అవి ఇందుకోసం ఎంచుకుంటాయనీ 2014లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. వగర్చకుండా ఒంటి వేడిని మానుకు వదిలేయడం వల్ల విలువైన నీరు ఆదా అవుతుంది. నీటి అవసరంలో ఎక్కువ భాగం ఆకుల్లోని తేమతోనే తీరుతుంది. వాన కురిసినప్పుడు మాను వెంట జారే నీటిని కూడా అవి నాకుతాయి.

గెంతులో దాగిన పొదుపు

కంగారూలది ఇందుకు భిన్నమైన మార్గం. వాలబీలు, చెట్టెక్కే కంగారూలతో కూడిన వీటి కుటుంబంలో నాలుగు పెద్ద జాతులు ప్రసిద్ధమైనవి. ఎర్ర కంగారూ ఖండం మధ్యలోని పొడి మైదానాల్లో, తూర్పు బూడిద కంగారూ తూర్పు అడవులూ పచ్చిక బయళ్లలో, పశ్చిమ బూడిద కంగారూ దక్షిణ ప్రాంతాల్లో, యాంటిలోపైన్ కంగారూ ఉత్తరాన ఉష్ణమండల గడ్డిమైదానాల్లో నివసిస్తాయి. చెట్టెక్కే కంగారూలు మాత్రం ఉత్తర క్వీన్స్‌లాండ్, న్యూగినీ వర్షారణ్యాలకు పరిమితం.

పచ్చిక చెదురుమదురుగా మొలిచే చోట ఎంత తక్కువ శక్తితో ఎంత దూరం పోగలమన్నదే బతుకును నిర్ణయిస్తుంది. సాధారణంగా జంతువు వేగం పెంచినకొద్దీ దానికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. అయితే ఎర్ర కంగారూ గెంతడం మొదలుపెట్టాక, వేగం పెరిగినా ఆక్సిజన్ వాడకం ఆ మేరకు పెరగదని టెరెన్స్ డాసన్, రిచర్డ్ టేలర్ అనే శాస్త్రవేత్తలు 1973లో నిరూపించారు. కండరాన్ని ఎముకకు కలిపే బలమైన తంతువులను స్నాయుబంధనాలంటారు. వెనక కాళ్లు నేలను తాకినప్పుడు ఇవి స్ప్రింగులా సాగి, దిగిన వేగంలోని శక్తిని నిల్వ చేసుకుని, మరుసటి గెంతుకు తిరిగి ఇస్తాయి. ఒక్క గెంతుకు 8 మీటర్లు దాటగల ఎర్ర కంగారూ కొద్ది దూరం పాటు గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. మేస్తూ మెల్లగా కదిలేటప్పుడు మాత్రం తోకను అయిదో కాలుగా నేలకు ఆనించి శరీరాన్ని ముందుకు నెడుతుంది.

పగటి ఎండలో అవి నీడ పట్టున పడుకుని, సాయంత్రం నుంచి తెల్లవారే దాకా మేస్తాయి. వేడి హెచ్చినప్పుడు, చర్మం కిందనే రక్తనాళాలు దట్టంగా అల్లుకుని ఉండే ముంజేతులను నాకి తడి చేసుకుంటాయి. ఆ తడి ఆరుతూ రక్తాన్ని చల్లబరుస్తుంది. మూత్రపిండాలు మూత్రాన్ని బాగా చిక్కబరచి నీటిని మిగులుస్తాయి.

సంచిలో ఒకటి, నిరీక్షణలో మరొకటి

పొదుపులోని పరాకాష్ఠ ఎర్ర కంగారూ సంతానోత్పత్తిలో కనిపిస్తుంది. సుమారు 33 రోజుల గర్భధారణ తర్వాత పుట్టే పిల్ల ఒక గ్రాము కూడా తూగదు. కళ్లు తెరవని ఆ పిల్ల ముందరి కాళ్లతో తల్లి బొచ్చు పట్టుకుని పాకుతూ సంచిలోకి చేరి, చనుమొనను కరచుకుని నెలల తరబడి అక్కడే ఎదుగుతుంది. ప్రసవమైన కొద్ది సమయానికే తల్లి మళ్లీ జతకడుతుంది. కొత్తగా ఏర్పడిన పిండం దాదాపు వంద కణాల దశకు చేరి అక్కడే ఆగిపోతుంది. దీన్ని పిండ విరామ స్థితి అంటారు. సంచిలోని పిల్ల పాలు తాగుతున్నంత కాలం ఈ విరామం కొనసాగుతుంది. అందువల్ల ఒకే తల్లి వద్ద సంచి విడిచినా పాలు మానని పిల్ల, సంచిలో ఎదుగుతున్న పిల్ల, గర్భంలో వేచి ఉన్న పిండం ఒకే సమయంలో ఉండవచ్చు. పెద్దదానికీ చిన్నదానికీ వేర్వేరు చనుమొనల నుంచి వేర్వేరు రకాల పాలు లభిస్తాయి.

కరవు తీవ్రమై పాలు ఎండిపోతే సంచిలోని పిల్ల మరణిస్తుంది, వేచి ఉన్న పిండం ఎదుగుదల మొదలుపెడుతుంది. కరవు మరీ సుదీర్ఘమైతే సంతానోత్పత్తే నిలిచిపోతుంది. పిల్ల చిన్నదిగా ఉన్నప్పుడే పోవడం వల్ల తల్లి శరీరం మీద భారం స్వల్పం. వాన పడగానే ఆలస్యం లేకుండా తర్వాతి తరం సిద్ధమవుతుంది.

మనిషి మార్చిన లెక్క

ఆదిమవాసులు కనీసం 50 వేల ఏళ్లుగా ఈ జంతువులతో కలిసి జీవించారు. అదను చూసి చిన్న మంటలు పెట్టి లేత పచ్చిక మొలిపించి కంగారూలను రప్పించుకోవడం వారి భూనిర్వహణలో భాగం. 1788లో బ్రిటిష్ వలస మొదలయ్యాక పరిస్థితి వేగంగా మారింది. అడవులు నరికి పరచిన పచ్చిక, పశువుల కోసం తవ్వించిన నీటి గుంటలు, అడవి కుక్కలైన డింగోలను అడ్డుకునేందుకు నిర్మించిన దాదాపు 5,600 కిలోమీటర్ల కంచె పెద్ద కంగారూలకు అనుకూలించాయి. వాటి చిన్న బంధువులు మాత్రం పిల్లులకూ, ఐరోపా నుంచి తెచ్చిన నక్కలకూ బలయ్యాయి. టూలాచ్ వాలబీ జాతిలో చివరిది 1939లో మరణించింది.

కోలాకు అదే మార్పు శాపమైంది. బొచ్చు వ్యాపారం కోసం లక్షల కోలాలను వేటాడారు. 1927లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం అనుమతించిన ఒక్క వేట కాలంలోనే 5 లక్షలకు పైగా హతమయ్యాయి. వేట ఆగినా చెట్ల నరికివేత ఆగలేదు. తోపుకూ తోపుకూ మధ్య రోడ్లూ ఇళ్లూ వెలిసి, నేలకు దిగక తప్పని కోలాలు వాహనాల కింద, కుక్కల నోట పడుతున్నాయి. అంధత్వాన్నీ వంధ్యత్వాన్నీ కలిగించే క్లమీడియా వ్యాధి, 2019–20 కార్చిచ్చులు పరిస్థితిని మరింత విషమం చేశాయి. క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్, రాజధాని ప్రాంతంలోని కోలాలను 2022 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వం అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. క్లమీడియాకు టీకాను 2025లో ఆమోదించారు.

టీకా వ్యాధిని ఆపగలదు గానీ ఆకును సృష్టించలేదు. ఈ సత్యానికి మరో వైపు నుంచి దక్షిణ ఆస్ట్రేలియా తీరంలోని కంగారూ ద్వీపం సాక్ష్యం చెబుతుంది. 1920వ దశకంలో మనుషులు అక్కడ వదిలిన కొద్ది కోలాలు ఎంతగా పెరిగాయంటే, అవి మేసిన చెట్లు మోడువారడంతో వాటికి సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేయవలసి వచ్చింది. అంటే చెట్లు చాలకపోతే ఎక్కువైన కోలాలకూ కష్టమే, తక్కువైన కోలాలకూ కష్టమే. కొరతను ఓర్చుకోవడం ఈ రెండు జీవులకూ తెలుసు. అయితే కంగారూ పచ్చిక ఉన్న చోటికి తరలిపోగలదు, కోలా తన చెట్టును మోసుకుపోలేదు. కనుక కోలాను కాపాడదలచిన ప్రభుత్వమైనా, పౌరులైనా మొదట చేయవలసింది మిగిలిన యూకలిప్టస్ అడవిని నరకకుండా నిలబెట్టడం, తెగిపోయిన తోపులను కొత్త చెట్ల వరుసలతో తిరిగి కలపడం. మిగతా చర్యలన్నీ దీని తర్వాతే ఫలిస్తాయి.