నలభై పిన్నుల కంప్యూటరు

కంప్యూటరుకు లెక్కలు చెయ్యటం వచ్చునని అందరికీ తెలుసు. మనం రోజంతా కూచుని చేసే లెక్కను అది రెప్పపాటులో చేసేస్తుంది. కాని గదిలో చీకటి పడిన సంగతి దానంతట దానికి తెలియదు. దీపం వెలిగించమంటే వెలిగించలేదు. వాకిట్లో ఎవరో గంట నొక్కితే తెలుసుకోలేదు. బుద్ధి ఉన్నది గాని, పని చెయ్యటానికి చేతులూ లేవు, వినటానికి చెవులూ లేవు!

ఆ చేతులూ, చెవులూ మనమే తగిలించుకునేందుకు వీలుగా చేసిన ఒక చిన్న కంప్యూటరు ఉన్నది. దాని పేరు 'రాస్ప్‌బెరీ పై'. రాస్ప్‌బెరీ అంటే ఒక ఎర్రని పండు. 'పై' అంటే మన భాషలో మీద అని అర్థం వచ్చే మాట కాదు. అది 'పైథాన్' అనే కంప్యూటరు భాష పేరు నుంచి వచ్చింది.

ఇది పుట్టిన ఊరు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి. 1981లో ఆ ఊళ్లోనే 'బి.బి.సి. మైక్రో' అనే కంప్యూటరు తయారైంది. ఆ రోజులలో బడిపిల్లలు దానికి స్వయంగా ప్రోగ్రాములు రాసేవాళ్లు. దాని అడుగున ఉన్న సాకెట్లకు తీగలు తగిలించి దీపాలూ, మోటార్లూ నడిపేవాళ్లు. తరవాత వచ్చిన కంప్యూటర్లు మూసిన పెట్టెలైపోయినాయి. పిల్లలు వాటితో ఆటలాడటం నేర్చారు గాని, వాటికి పని చెప్పటం మరిచారు. 2000 తరవాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రం చదువుతామని వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఇది చూసి ఈబెన్ అప్టన్, ఆయన మిత్రులు కొందరు, పిల్లలు భయం లేకుండా తీగలు తగిలించి చూడగలిగినంత చవక కంప్యూటరు కావాలనుకున్నారు. అది 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. అప్పటి ధర 35 డాలర్లు.

కంప్యూటరంతా ఒకే పలక మీద ఉంటుంది. పలక పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు, జేబులో పట్టేస్తుంది. దాని ఒక అంచున గుండుసూదులు గుచ్చినట్టు రెండు వరసల పిన్నులు నిలబడి ఉంటాయి. మొదట వచ్చిన వాటికి 26 పిన్నులు ఉండేవి. 2014 నుంచి 40 పెట్టారు. మన కథంతా ఆ పిన్నులలోనే ఉన్నది.

నలభైలో రెండు పిన్నులు 5 వోల్టుల విద్యుత్తు ఇస్తాయి. రెండు 3.3 వోల్టులు ఇస్తాయి. ఎనిమిది పిన్నులు గ్రౌండు, అంటే విద్యుత్తు తిరిగి వచ్చే దారి. మిగిలిన 28లో రెండింటిని, పైన తగిలించే పలకలను గుర్తుపట్టటానికి కేటాయించారు. తక్కిన 26 మనం చెప్పినట్టు వింటాయి. ఒక్కొక్క దాన్నీ చెయ్యిగానూ వాడుకోవచ్చు, చెవిగానూ వాడుకోవచ్చు. ఏది కావాలో మనం ప్రోగ్రాములో చెబితే చాలు.

ముందు చెయ్యిగా వాడి చూద్దాం. పిన్నుకు '1' అని ఆజ్ఞ ఇస్తే దానిమీద 3.3 వోల్టులు వస్తాయి. '0' అంటే ఏమీ ఉండదు. ఒక చిన్న ఎర్రని ఎల్.ఇ.డి. దీపం తీసుకోండి. దానికి రెండు కాళ్లుంటాయి, ఒకటి కొంచెం పొడుగు. పొడుగు కాలును 11వ పిన్నుకూ, పొట్టి కాలును 330 ఓముల రెసిస్టర్ ద్వారా 9వ పిన్నుకూ కలపాలి. 9వది గ్రౌండు.

రెసిస్టర్ ఎందుకు? ఎర్ర దీపం తనకోసం సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలినది 1.3 వోల్టులు. దాన్ని 330తో భాగిస్తే దాదాపు 4 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. దీపం వెలగటానికి అది చాలు. ఒక పిన్ను నుంచి 16 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు. రెసిస్టర్ లేకపోతే దీపం ఇష్టం వచ్చినంత విద్యుత్తు తాగుతుంది. దీపమో, పిన్నో పాడవుతుంది.

ఇక ప్రోగ్రాము. దాన్ని పైథాన్ అనే భాషలో రాస్తారు. దాని సారాంశం ఇంతే: వెలుగు, ఒక సెకను ఆగు, ఆరిపో, ఒక సెకను ఆగు, మళ్లీ మొదటికి వెళ్లు. దీపం కన్ను మిటకరించినట్టు వెలిగి ఆరుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మనం దీపం తగిలించినది 11వ పిన్నుకు గదా, ప్రోగ్రాములో మాత్రం '17' అని రాయాలి! ఎందుకంటే 11 అనేది వరసలో దాని స్థానం. 17 అనేది లోపలి చిప్పు దానికి పెట్టుకున్న పేరు. తరగతిలో మీరు కూచునే చోటు వేరు, హాజరు పట్టీలో మీ నంబరు వేరు కాదూ? ఇదీ అంతే.

ఇప్పుడు పిన్నును చెవిగా చేద్దాం. ఒక మీట తెచ్చి, ఒక కొసను 13వ పిన్నుకూ, రెండో కొసను 14వ పిన్నుకూ తగిలిద్దాం. చిప్పు లెక్కలో 13వ పిన్ను పేరు 27. 14వది గ్రౌండు. మీట నొక్కితే 13వ పిన్ను గ్రౌండుతో కలుస్తుంది గనక కంప్యూటరుకు '0' వినిపిస్తుంది. మరి నొక్కనప్పుడు? '1' అంటారేమో. కాదు! ఆ పిన్నును దేనికీ కలపకుండా వదిలేస్తే అది ఒకసారి 0 అంటుంది, ఒకసారి 1 అంటుంది. తీగ దగ్గరికి చెయ్యి తెచ్చినా చాలు, మాట మారుస్తుంది. గోడలలోని కరెంటు తీగల ప్రభావం కూడా దానికి సోకుతుంది. ఎవరూ మీట నొక్కకుండానే నొక్కారని అబద్ధం చెబుతుంది.

గడియ వెయ్యని తలుపును చూశారు గదా! గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుంటుంది. ఆ తలుపుకు ఒక సన్నని రబ్బరు బందు కట్టామనుకోండి. గాలికి కదలదు, కాని మనిషి నెడితే తెరుచుకుంటుంది. చిప్పు లోపల అలాంటి బందు ఉన్నది. అది సుమారు 50 వేల ఓముల రెసిస్టర్. ప్రోగ్రాములో అడిగితే అది పిన్నును 3.3 వోల్టుల వైపు మెల్లిగా లాగి పట్టుకుంటుంది. మీట నొక్కనంతసేపూ 1, నొక్కితే 0. ఇక అబద్ధం ఉండదు. "ఏమీ జరగటం లేదు" అన్న సంగతి కూడా యంత్రానికి మనమే నేర్పాలన్నమాట!

ఒక హెచ్చరిక. పక్కపక్క పిన్నుల మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. మన పిన్నులు 3.3 వోల్టులకు మించి ఓర్చుకోలేవు. 5 వోల్టుల తీగ పొరపాటున తగిలితే పలక పనికిరాకుండా పోవచ్చు. అందుచేత తీగలు కలిపేటప్పుడు కరెంటు తీసెయ్యాలి. పిన్నులు రెండుసార్లు లెక్కపెట్టుకోవాలి. మోటారును నేరుగా పిన్నుకు తగిలించకూడదు. మధ్య ట్రాన్సిస్టరు వంటిది ఉండాలి. గోడలోని కరెంటు జోలికి మాత్రం ఎన్నడూ పోకూడదు. మొదటిసారి పెద్దవాళ్లను పక్కన కూచోబెట్టుకోండి. వాళ్లకూ సరదాగా ఉంటుంది.

ఈ పిన్నులు ఎంత దూరం వెళ్లాయో తెలుసా? 2015 డిసెంబరులో ఇటువంటి కంప్యూటర్లు రెండు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం చేరుకున్నాయి. అదే నెలలో టిమ్ పీక్ అనే బ్రిటిషు వ్యోమగామి కూడా అక్కడికి వెళ్లాడు. ఒక్కొక్క దాని నలభై పిన్నుల మీద ఇంకొక పలక తగిలించారు. అది వేడిమినీ, గాలిలోని తేమనూ, పీడనాన్నీ కొలుస్తుంది. కొలిచిన అంకెలను 3, 5 పిన్నుల మీదుగా 1లు, 0లుగా కంప్యూటరుకు చేరవేస్తుంది. దీపాన్ని ఆర్పి వెలిగించిన ఆ 1, 0లే!

వాటిలో నడిచిన ప్రోగ్రాములు బ్రిటనులోని బడిపిల్లలు రాసినవి. ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలకు చక్కని ఆలోచన వచ్చింది. మనిషి ఊపిరిలోనూ, చెమటలోనూ తేమ ఉంటుంది గదా! గాలిలో తేమ ఉన్నట్టుండి పెరిగితే దగ్గరికి ఎవరో వచ్చారని కంప్యూటరు పసికట్టాలి. ఆ ప్రోగ్రాము భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున నడిచింది.

యంత్రానికి మనిషి రాకను తెలుసుకోవటం నేర్పినది ఆ పసిపిల్లలు. వాళ్లు కూడా మొదట ఏదో ఒక చిన్న దీపం వెలిగించి ఆర్పటంతోనే ప్రారంభించి ఉంటారు!