దూరవిద్య - శివారు విద్యార్థి

గురువు ఒకచోటా, శిష్యుడు మరొకచోటా ఉండి చదువు సాగడమన్నది కరోనాతోనే పుట్టిందని మనలో చాలామంది అనుకుంటూ ఉంటారు. నిజానికి తెలుగునాట దీనికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా వారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం సాయంతో ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాలు చూపించారు. అయితే చూసేవాడు “నాకిది అర్థం కాలేదండీ” అని అడగడానికి ఆ టీవీలో దారి లేదు.

1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టారు. పాఠం పుస్తకంలో చదువుకోవాలి, సందేహం ఉంటే అధ్యయన కేంద్రానికి వెళ్లాలి. 2004 సెప్టెంబరు 20న చదువుకోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. దానితో కొన్ని కేంద్రాల్లోని విద్యార్థులు తిరిగి మాట్లాడే వీలు కలిగింది. ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండడంవల్ల మాట పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను పట్టేది.

మరి ఇప్పటి జూమ్, గూగుల్ మీట్ ఎలా పనిచేస్తాయి? కెమెరా బొమ్మను అంకెలుగా మారుస్తుంది. ప్రతిసారీ బొమ్మంతా పంపితే భారమవుతుంది గనుక, ఒకసారి పూర్తి బొమ్మ పంపి, ఆపైన ఎక్కువగా మారిన భాగాన్నే పంపుతారు. మాస్టారి చెయ్యి కదిలితే చేతి వివరాలే వస్తాయి, వెనకున్న గోడవి రావు. ఆ వివరాలు చిన్న చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తాయి. ఆలస్యంగా వచ్చిన పొట్లాన్ని వదిలేస్తారు. అందుకే బొమ్మ మధ్యలో ఆగిపోతుంది. బొమ్మకంటే మాటకు కావలసిన వివరాలు చాలా తక్కువ. కెమెరా ఆపితే మాట తేటపడడానికి కారణం ఇదే.

మాది రైతు కుటుంబం గనుక ఇదంతా నాకు కాలువ లెక్కన బోధపడింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీరొచ్చింది. అయినా తూము పక్క చేనుకూ, శివారు చేనుకూ నీరు ఒక్కలా అందదు కదా! సెల్ టవరూ అంతే. దాని శక్తిని ఊరంతా పంచుకోవాలి. దూరపు ఇంటికి దక్కేది తక్కువ. పైగా ఫోను నుంచి టవరుకు వెళ్లే దారి, టవరు నుంచి ఫోనుకు వచ్చే దారికంటే సన్నం. అంటే శివారు విద్యార్థికి పాఠం వినబడినా, అతని ప్రశ్న మాస్టారిదాకా చేరకపోవచ్చు. 1975లో లేని దారి ఇప్పుడుంది, కాని అందరికీ ఒక్కలా లేదు.

2020లో మా ఇంట్లో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోను. నాన్న చేలోకి పట్టుకెళ్తే ఆ పూట క్లాసు లేనట్టే. తమ్ముడికీ నాకూ ఒకే వేళ పాఠాలు పడితే వంతులు వేసుకునేవాళ్లం.

ఇది గడిచిపోయిన కథ కాదు. 2021 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు ‘స్వయం’ ఆన్‌లైన్ కోర్సుల ద్వారా చదవడానికి కాలేజీ అనుమతించవచ్చు. అంటే అందని పాఠం మార్కుల మీదికి వస్తుంది. కనుక నావి నాలుగు మనవులు. ఆన్‌లైన్ పాఠాన్ని మాటగానూ, బోర్డు ఫొటోలుగానూ కూడా చిన్న సైజులో ఇవ్వాలి. ప్రశ్నను రాసి పంపినా జవాబు రావాలి. కాలేజీ కంప్యూటర్లు సాయంత్రం దాకా అందుబాటులో ఉండాలి. ప్రాక్టికల్స్ మాత్రం ల్యాబులోనే జరగాలి. టైట్రేషన్‌లో లేత గులాబీ రంగు తేలిన చుక్క దగ్గర చెయ్యి ఆపడం తెర చూస్తే రాదు.

మిత్రులారా! పాఠం ఎంతమందికి పంపామన్నది కాదు, చివరి విద్యార్థి ప్రశ్న మనదాకా చేరిందా అన్నదే లెక్క. ఈ మనవులను విద్యార్థి సంఘం ప్రిన్సిపాలుగారి ముందుంచుతుందని ఆశిస్తున్నాను.